సాగర్, 1984: ఆ మెట్లు ఎక్కడివి?

నాన్న ట్రంకుపెట్టెలో దొరికిన ఆ ఫోటో మీద మా ఇంట్లో జరిగిన వాదన అంతా ఇంతా కాదు. నలుపు తెలుపు ఫోటో, వెనక నాన్న చేతిరాతతో "సాగర్, 1984" అని మాత్రమే ఉంది. సాగర్ అంటే నాగార్జునసాగర్. రాతిమెట్ల మీద అమ్మ, మేనత్త, ఒళ్లో మరచెంబు పెట్టుకుని అన్నయ్య, ఆ పక్కన ఒక కాలికే చెప్పుతో ఏడుస్తూ నేను. నాన్న అందులో కనిపించరు, కెమెరా ఆయన చేతిలోనే ఉంది (ఆఫీసులో ఎవరినో అడిగి తెచ్చారట). ఆ మెట్లు లాంచీ దిగాక నాగార్జునకొండ మీద ఉన్నవని అమ్మ, కాదు ఎత్తిపోతల జలపాతం దగ్గరవని అన్నయ్య. నాకప్పటికి నాలుగేళ్లు కాబట్టి ఈ విషయంలో ఓటు హక్కు లేదు. చెప్పాల్సిన మనిషి నాన్న, ఆయన లేరు.

సంక్రాంతి అయ్యాక అన్నయ్యా నేనూ కార్లో బయల్దేరాం. మోకాళ్ల నొప్పులని అమ్మ రాలేదు. గుంటూరు నుంచి సత్తెనపల్లి, పిడుగురాళ్ల మీదుగా మాచర్ల. అప్పుడైతే మీటర్ గేజ్ రైల్లో మాచర్ల దాకా వెళ్లామట, అమ్మ చీర నిండా బొగ్గునుసేనట. దారి పొడుగునా అన్నయ్య ఆ రైలు గురించే చెప్తూ వచ్చాడు, నేను సగం నిద్రలో ఊఁ కొట్టాను.

ముందు ఎత్తిపోతల. చంద్రవంక వాగు డెబ్బై అడుగుల పైనుంచి దూకుతుంది, కింద మొసళ్ల పెంపకం కూడా ఉంది. అన్నయ్యకి గుర్తున్నదల్లా ఆ మొసళ్లే. ఎదురుగా నిలబడి ఫోన్లో ఫోటో పెట్టి పోల్చి చూశాం, ఏ మెట్లూ కలవలేదు. "అప్పటికీ ఇప్పటికీ మార్చేసుంటారు" అన్నాడు. నలభై ఏళ్ల తర్వాత ఎవరైనా చెప్పగలిగే మాటే కదా.

డ్యామ్ మీదకి ఇప్పుడు వాహనాలని వదలరు, కింది వంతెన మీద నుంచే చూడాలి. ఇరవై ఆరు గేట్లూ మూసే ఉన్నాయి. మర్నాడు విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కాం. జనం నిండేదాకా కదల్లేదు, కదిలాక మాత్రం ఎటు చూసినా నీళ్లే. కొండ మీద మ్యూజియంలో పల్నాటి సున్నపురాతి శిల్పాలు తీరిగ్గా చూడాల్సినవే గానీ మా కళ్లన్నీ మెట్ల మీదే! అమ్మ చెప్పిన మెట్లూ అక్కడ కనబడలేదు.

అనుపు మా లిస్టులోనే లేదు. టీ కొట్టతను ఫోటో చూసి "అనుపులో చూడండమ్మా" అంటే వెళ్లాం, లాంచీ స్టేషన్ నుంచి కొద్ది దూరమే. అదో పాతకాలపు ఆంఫీథియేటర్: పెద్ద దీర్ఘచతురస్రంలా నడుమ మైదానం, నాలుగు వైపులా మెట్ల వరసలు. ఫోటోలో అత్త భుజం వెనక మెట్లు సూటిగా వచ్చి మూలలో పక్కకి మళ్లుతాయి. ఆ మళ్లింపు ఇక్కడుంది. అన్నయ్య కింద మధ్యలో నిలబడి, మామూలు గొంతుతోనే, "ఇది కాదే" అని గొణిగాడు. పై వరసలో ఉన్న నాకు స్పష్టంగా వినబడింది.

నన్ను ఎక్కువ తొలిచింది ఇంకోటి. ఈ మెట్లు కూడా అసలు చోట ఉన్నవి కావు. మూడు, నాలుగో శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ ఇప్పుడు నీళ్ల కింద ఉంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ డ్యామ్‌కి శంకుస్థాపన చేసే నాటికే కింద తవ్వకాలు సాగుతున్నాయి. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో, మునిగిపోయేలోగా దొరికింది దొరికినట్టు తవ్వారు. కొన్ని కట్టడాలని విప్పి కొండ మీద, కొన్నిటిని ఇలా ఒడ్డున అనుపులో మళ్లీ కట్టారు. అంటే మమ్మల్ని నాన్న కూర్చోబెట్టిన మెట్లకి అప్పటికి ఇక్కడ పాతికేళ్లు కూడా నిండి ఉండవు. అంత పాత రాళ్లు, అంత కొత్త చోటు. ఈ సంగతి నాన్నకి తెలిసే ఉంటుంది, ఊరికే గుళ్లూ గోపురాలూ తిప్పే మనిషి కాదాయన.

అమ్మకి వీడియో కాల్ చేసి చూపించాం. కాసేపు చూసి, "ఆఁ, ఇక్కడే దీని చెప్పు పోయింది, మీ నాన్న వరసవరసా వెతికారు" అంది. మరి కొండ మీద అన్నావుగా అంటే, "కొండకీ వెళ్లాంగా" అంది. అన్నయ్య మాత్రం ఇంకా ఎత్తిపోతల పట్టు వదల్లేదు.

వెళ్లాలనుకునేవాళ్లకి: కొండ మీది మ్యూజియానికి శుక్రవారం సెలవు. అనుపులో నీడ తక్కువ, ఎండాకాలమైతే పొద్దున్నే వెళ్లండి, నీళ్లు వెంట పెట్టుకోండి.