రేణిగుంట పక్కన మామిడితోటలో

నిన్న సాయంత్రం చిన్నాన్న తోట వీడియో తీద్దామని తమ్ముడు డ్రోన్ బయటికి తీశాడు. ఎగరేసేలోపే ఒక విమానం రన్‌వే వైపు దిగుతూ మా తలల మీదుగా వెళ్లింది. కిటికీలు కూడా కనబడ్డాయి. గుండె ఝల్లుమంది.

డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూస్తే మేమున్నది ఎల్లో జోన్, అంటే అనుమతి తీసుకోవాల్సిన చోటు. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా అనుమతి అక్కర్లేదు. విమానాశ్రయానికి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్యైతే ఆ వెసులుబాటు 200 అడుగుల వరకే. ఇంకా దగ్గరగా ఉన్న మా ఎల్లో జోన్ లాంటి చోటైతే నేల మీది నుంచే ఏటీసీ (విమానాల రాకపోకలను నియంత్రించే విభాగం) అనుమతి కావాలి.

"చిన్నదే కదన్నా" అన్నాడు వాడు. చిన్నది కాబట్టే నాకు టెన్షన్. అంత వేగంతో దిగే పైలట్ కంటికి అది ఆనదు. పైగా పక్షిలా మెత్తనిది కాదు, లోపల మోటార్లు, బ్యాటరీ ఉంటాయి. ఆ విమానంలో ఎంతమంది కొండకు వస్తున్నారో!

డ్రోన్ పెట్టెలో పెట్టించాను. వీడియో ఫోన్‌తోనే తీశాం.