ఇళ్లు లేని మెట్లు

హ్యూస్టన్ నుంచి న్యూ ఆర్లియన్స్ దాదాపు 350 మైళ్లు. మార్చిలో ఒక శుక్రవారం ఆఫీసు అవగానే నేనూ మా ఆవిడా కారులో బయల్దేరాం. సంగతి తెలిసి ఇక్కడి తెలుగాయన ఒకరు ఫోన్ చేశారు. "ఫ్రెంచ్ క్వార్టర్ చూడండి, బెన్యేలు తినండి, కాలవ దాటి లోయర్ నైన్త్ వార్డ్ వైపు మాత్రం వెళ్లకు తమ్ముడూ, మంచి ఏరియా కాదు." అది నల్లవాళ్లు ఎక్కువగా ఉండే పేట. మీరెప్పుడైనా వెళ్లారా అన్నయ్యా అని అడిగాను. లేదన్నారు. కత్రినా తుపాను టైములో టీవీలో చూశారట.

నేనూ చూశాను. 2005 ఆగస్టు 29న ఆ తుపాను తీరం దాటేనాటికి నేను విజయవాడలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. హాస్టల్ టీవీలో మునిగిపోయిన ఊరు, తుపాకులు పట్టుకున్న సైనికులు, దుకాణాల్లోంచి సంచులతో బయటికొస్తున్న నల్లవాళ్లు. అమెరికాలో కూడా ఇలా దోచుకుంటారా అని మేమందరం అనుకున్నాం. ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ బాధే, ఈ ప్రయాణం అసలు పెట్టుకున్నదీ అందుకే.

శనివారం పొద్దున జాక్సన్ స్క్వేర్ పక్కనున్న మ్యూజియంలో కత్రినా ప్రదర్శన చూశాం. అక్కడ ఆ ఊరి ప్రసిద్ధ గాయకుడు ఫ్యాట్స్ డొమినో పియానో ఉంది, వరదలో పాడైపోయినది. ఆయన ఇల్లు లోయర్ నైన్త్ వార్డ్‌లోనే. చనిపోయాడనుకుని ఎవరో ఆయన ఇంటి మీద వీడ్కోలు కూడా రాసేశారు, తీరా చూస్తే పడవ మీద ప్రాణాలతో బయటపడ్డాడు. అంత పేరున్న మనిషి సంగతే అలా ఉంటే పేరు లేనివాళ్ల గురించి ఏం రాశారో తలుచుకుంటే మనసు పాడవుతుంది. ఆగస్టు 30న వార్తా సంస్థలు పంపిన రెండు ఫొటోలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. రెండింట్లోనూ ఛాతీ దాకా నీళ్లు, చేతుల్లో తిండి సరుకులు. నల్ల కుర్రాడి ఫొటో కింద కిరాణా కొట్టు దోచుకుని వస్తున్నాడని రాశారు. తెల్లగా ఉన్న ఇద్దరి ఫొటో కింద రొట్టె, సోడా దొరికాయని రాశారు. రెండో ఫొటో తీసినాయన, సరుకులు నీళ్లలో తేలుతుంటే వాళ్లు తీసుకున్నారని తర్వాత వివరణ ఇచ్చాడు. నిజమే కావచ్చు. కానీ ఆ కుర్రాడికీ అదే ఆకలి కదా, వాడిని దొంగ అనేముందు ఎవరైనా ఒక్క క్షణం ఆగారా?

ఆ మాటల ఫలితం మామూలుగా లేదు. మనుషుల్ని కాపాడుతున్న పోలీసుల్ని మేయర్ లూటీలు ఆపడానికి మళ్లించాడు. జనం తలదాచుకున్న సూపర్‌డోమ్ స్టేడియంలో హత్యలు, అత్యాచారాలు అని ఊరంతా పుకార్లు. 200 శవాలు ఉంటాయనుకుని వెళ్తే దొరికినవి 6, అందులో ఒక్కటి కూడా హత్య కాదు. స్థానిక పత్రిక ఇదంతా బయటపెట్టేసరికి సెప్టెంబరు చివరి వారం. అంతలోపే, నడిచి ఊరు దాటబోయిన జనాన్ని నది మీద వంతెన దగ్గర అవతలి ఊరి పోలీసులు గాలిలోకి కాల్పులు జరిపి వెనక్కి పంపేశారు. మధ్యాహ్నం నది ఒడ్డున కూర్చుంటే ఆ వంతెన ఎదురుగా కనిపిస్తూనే ఉంది, మా ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ముందే ఎందుకు వెళ్లిపోలేదు అంటారు చాలామంది. ఆ ఊళ్లో నాలుగోవంతుకు పైగా ఇళ్లల్లో కారు లేదు. పైగా నెలాఖరు, ఒకటో తారీఖు డబ్బులు ఇంకా చేతికి రాలేదు. మాది అవనిగడ్డ దగ్గర పల్లె. 1977 నవంబరు ఉప్పెన గురించి మా నాయనమ్మ చెప్పేది: మిద్దె ఉన్నవాళ్లు మిద్దెక్కారు, గుడిసెలో ఉన్నవాళ్లకి ఎక్కడానికి ఏమీ లేదు అని. ఇక్కడ ఎక్కడానికి అటకలున్నాయి, కానీ నీళ్లు అక్కడికీ వచ్చాయి, కప్పు పగలగొట్టుకోలేని ముసలివాళ్లు అందులోనే పోయారు.

ఆదివారం కాలవ దాటాం. 2005లో ఆ కాలవ వరద గోడ కూలిపోయి నీళ్లు ఇళ్ల మీద పడ్డాయి. కొత్త గోడ ఎత్తుగా ఉంది. దాని కింద వీధుల్లో ఒక ఇల్లు, తర్వాత నాలుగైదు ఖాళీ స్థలాలు, గడ్డి మధ్యలో సిమెంటు మెట్లు, ఎక్కితే ఇల్లు లేదు. ప్రభుత్వం ఇచ్చిన సాయాన్ని, ఇల్లు మళ్లీ కట్టుకోవడానికి అయ్యే ఖర్చు, తుపానుకు ముందున్న ఇంటి ధర, ఈ రెండింట్లో ఏది తక్కువైతే దాని ప్రకారం లెక్కగట్టారు. నల్లవాళ్ల పేటల్లో ఇళ్ల ధరలు ముందునుంచీ తక్కువే. అంటే అదే ఇల్లు కట్టుకోవడానికి వాళ్లకి తక్కువ డబ్బు. కోర్టుకెళ్లి పోరాడాల్సి వచ్చింది.

ఒక పెద్దాయన పక్క ఖాళీ స్థలంలో గడ్డి కోస్తున్నాడు. ఆ స్థలం ఆయనది కాదు, పక్కింటివాళ్లు తిరిగి రాలేదట, పాములొస్తాయని తనే కోస్తున్నాడు. కాసేపు మాట్లాడాక ఫొటో తీసుకోవచ్చా అని అడిగాను. మెషిన్ ఆపి నా వైపు చూశాడు.

"తీసుకో. కింద ఏం రాస్తావు?"

నాకు వెంటనే మాట రాలేదు. మీరేం రాయమంటే అదే రాస్తాను అన్నాను.

"గడ్డి కోస్తున్నాడని రాయి. తన ఇంటి పక్కన అని రాయి."

మళ్లీ మెషిన్ స్టార్ట్ చేశాడు.