సలేశ్వరం దారిలో మామతో

నల్లమల అడవి లోయలో ఉండే శివుడు, సలేశ్వరం లింగమయ్య జాతరకు బయల్దేరాం. అడవి మొదట్లో ఉండే మన్ననూరు చెక్‌పోస్టు పొద్దున ఆరింటికి గానీ తెరవరని తెలిసి కూడా మామ తెల్లవారకముందే తెచ్చి అక్కడ నిలబెట్టాడు, దోమలకు పండగ. ఫర్హాబాద్ మలుపులో జీపువాడితో ఇంకో గొడవ. రాంపూర్ పెంట (చెంచుల గూడెం) దాకా మనిషికి వాడు చెప్పిన రేటుతో శ్రీశైలం పోయి దర్శనం చేసుకొని రావచ్చు. బేరమాడితే "ఏడాదికి మూణ్నాళ్ల జాతర సార్, మేమెప్పుడు సంపాదించుకోవాలె" అన్నాడు.

అదీ నిజమే. అమ్రాబాద్ పులుల అభయారణ్యం కదా, చైత్ర పౌర్ణమి జాతరప్పుడు తప్ప ఆ దారిన మామూలు మనుషుల్ని పోనివ్వరు. ప్రతి ఏడూ మమ్మల్ని ఈ జాతరకు తెచ్చిన మా నాన్న భక్తికి అసలు కారణం కూడా అదే! ఇంట్లో ఏనాడూ దీపం పెట్టినవాడు కాదు. కరెంటు లైన్‌మన్, ఏడాదంతా స్తంభాలెక్కి ఎండలో తిరిగే మనిషికి సెలవు దొరికితే నీడపట్టున పడుకోవాలనిపించాలి, కానీ లింగమయ్య పేరు చెప్పి మమ్మల్నందరినీ వెంటేసుకొని మళ్లీ అడవికే. ఇది నల్లమద్ది, ఇది తునికి, ఇది మోరి అని ఆగి ఆగి చూపిస్తుంటే వెనకవాళ్లు తిట్టేవాళ్లు. లోయలో గుండం దగ్గరికి చేరాక "మీరు పోయి మొక్కి రాండ్రి" అని తను బండ మీద కూర్చొని, ఎదురు కొండకు వేలాడే తేనెపట్టులు చూసుకునేవాడు.

చెంచులు ఆ తేనె కోసం కొండ అంచు నుంచి తాడు కట్టుకొని దిగుతారు. పైన తాడు పట్టుకునేది బామ్మర్ది, అక్క పసుపు కుంకుమలు వాడి చేతిలో ఉంటాయి గనక ప్రాణం పోయినా వదలడని నమ్మకం. నాన్న ఈ సంగతి ప్రతి ఏడూ అమ్మకు చెప్పి, "మీ తమ్ముడు పట్టుకుంటే మాత్రం నేను దిగ" అనేవాడు. అమ్మ ప్రతి ఏడూ అలిగేది.

ఆ తమ్ముడే ఈ మామ. నాన్న పోయాక ఇటు ఎవరం రాలేదు, ఈసారి ఆయనే ఫోన్ చేసి పోదాం పా అన్నాడు. పెంట నుంచి నడక మొదలైంది. "వత్తన్నం వత్తన్నం లింగమయ్యా" అని ముసలివాళ్లు పాడుతుంటే కుర్రాళ్ల స్పీకర్ల మోతలో అది వినపడి చావదు. ప్లాస్టిక్ వద్దన్న బోర్డు కిందే నీళ్ల బాటిళ్ల అమ్మకం, రెట్టింపు ధరకు. నాకైతే సగం దారిలోనే తిరిగిపోదామనిపించింది.

కొండ అంచు వెంట దారి సన్నబడే చోట, ఎదురుగా వచ్చేవాళ్లు తోసుకుంటుంటే, మామ నన్ను రెక్క పట్టి బండవైపుకు లాగి తను లోయవైపుకు జరిగాడు. మోకాళ్ల నొప్పి, ఆయాసం, అయినా సరే. నాన్న కూడా చెల్లిని భుజాన వేసుకొని అటువైపే నడిచేవాడు, మమ్మల్ని ఒక్కసారి కూడా అంచుకు రానిచ్చేవాడు కాదు. లోపలికి రా మామా అంటే, "నోర్మూసుకొని నడువు, మీ నాయిన నాకు చెప్పిందే అది" అన్నాడు.

గుండం దగ్గర చల్లటి నీళ్లలో తల తడుపుకొని కూర్చున్నాక తేనెపట్టులు చూపించి ఆ పాత జోకు చెప్పాను. ఆయనకు తెలియదట. కాసేపు కొండకేసి చూసి, "వంద కిలోల మనిషిని ఎవడు పట్టుకుంటడు రా, నేనే ముందు వద్దంటుంటి" అన్నాడు.