అల్లా తలిస్తే బస్సు వస్తుంది

ఇటలీకి దిగువన సముద్రంలో ఉన్న చిన్న ద్వీపదేశం మాల్టాలో ఎనిమిది రోజులున్నాను. అందులో ఒక రోజంతా బస్టాపుల్లోనే పోయుంటుంది.

జులై నెల. మన రోహిణి కార్తెకేమీ తీసిపోని ఎండ. మోస్తా అనే ఊళ్లో చర్చి గోపురం చాలా పెద్దదట, చూద్దామని నేనూ తమ్ముడూ స్టాపులో నిలబడి నలభై నిమిషాలైంది. రెండు బస్సులొచ్చాయి. రెండూ నెత్తిన ‘బస్ ఫుల్’ అని వెలిగించుకుని ఆగకుండానే పోయాయి. టికెట్టు చూస్తే రెండున్నర యూరోలు, మన డబ్బుల్లో రెండొందల పైమాటే. ఎర్రబస్సయితే ఫుట్‌బోర్డు మీదైనా ఇంత చోటు ఇస్తుంది కదా అని సణుగుతున్నాను. తమ్ముడు ఇక్కడికొచ్చి రెండేళ్లయింది. వాడికిది అలవాటైపోయింది, ఫోన్లో తల దూర్చేశాడు.

పక్కన ఒక పెద్దావిడ. చేతిలో కూరగాయల సంచి, మెడలో సన్నటి గొలుసు, దానికి సిలువ. ఇంకో బస్సు ఉందా అని ఇంగ్లీషులో అడిగాను. ఆవిడ రోడ్డు చివరిదాకా చూసి, “యెక్ అల్లా యిరీద్” అన్నారు.

అల్లా అన్న మాట మాత్రం స్పష్టంగా వినిపించింది. సిలువ వంక చూశాను. ఆవిడ నా చూపు పట్టేశారు. నవ్వి, “దేవుడు తలిస్తే వస్తుంది అంటున్నా” అన్నారు. మరి అల్లా అన్నారేంటండీ అన్నాను. “దేవుణ్ణి ఇంకేమంటాం?” అన్నారు.

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. తమ్ముణ్ణి చూస్తే, “ఇక్కడ అందరూ అంతే అంటారు, నీకు చెప్పలేదా?” అన్నాడు. రెండేళ్లుగా ఫోన్లో అద్దెలూ జీతాలూ తప్ప ఇంకేమీ చెప్పలేదు వాడు.

మాల్టా పక్కా క్యాథలిక్ దేశం. రాజ్యాంగంలోనే ఆ మాట రాసుకున్నారు. కానీ 870లో అరబ్బులు ఈ ద్వీపాన్ని గెలిచారు. 1091లో సిసిలీ నుంచి నార్మన్లు వచ్చారు. ఆ తర్వాత ఏలినవాళ్లూ మారారు, మతమూ క్రైస్తవమే అయింది. అరబ్బీ నుంచి పుట్టిన మాల్టీస్ భాష మాత్రం జనం నోట్లో ఉండిపోయింది. ఇటాలియన్ మాటలు బోలెడు కలిశాయి, రాసేది రోమన్ లిపిలో. అయినా లెక్కపెట్టేటప్పుడూ, తిట్టేటప్పుడూ, దేవుణ్ణి పిలిచేటప్పుడూ అరబ్బీ ఎముక బయటపడుతుంది. ఈస్టరుకు ముందొచ్చే నలభై రోజుల తపస్సు కాలాన్ని వీళ్లు ‘రందాన్’ అంటారు. ఏ మాట నుంచి వచ్చిందో వేరే చెప్పాలా? రంజానే.

ఆవిడతో కబుర్లలో పడి బస్సు సంగతి మర్చిపోయాను. మూడో బస్సు ఆగింది. కిటికీ పక్కన ఆవిడ, ఆ పక్కన నేను. జపమాల ఎలా చెబుతారో వినిపించమన్నాను. సిగ్గుపడకుండా మొదలుపెట్టారు: “స్లీయెమ్ ఆలీక్, మరీయా...”

సలాం అలైక్ మరియా! మా వీధిలో సగం ఇళ్లలో ఉర్దూ. చిన్నప్పటి నుంచీ ఆ సలాములు వింటూ పెరిగిన చెవులివి. ఒక్కో మాటా ఆపించి అడిగాను. ‘ఇంబీయెర్కా’ అంటే ధన్యురాలు. మన ముబారక్‌కి చుట్టమే. ‘మెవ్త్’ అంటే చావు, మౌత్. పరలోక జపంలో నీ రాజ్యం రావాలి అనే చోట ‘సల్తనతెక్’ అంటారట, అంటే సల్తనతే. ‘ఇల్-మూలెయ్’ అంటే ప్రభువు. ఖవ్వాలీల్లో వినిపించే మౌలా ఉన్నాడే, ఆయనే.

అక్కడే తెలుగు జపం గుర్తొచ్చింది. బళ్లో నా పక్కన కూర్చునే అమ్మాయి గడగడా చెప్పేది: “దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా వందనము, ఏలినవారు మీతో ఉన్నారు.” ఈ ఏలినవారు ఎవరబ్బా, ఎవరో జమీందారేమో అనుకునేదాన్ని. ఇప్పుడు చూస్తే మూలెయ్ కూడా ఏలినవాడే. మన ఈశ్వరుడూ అంతే, ఈశ్ అంటే ఏలడం. యూదులైతే అసలు పేరు పలకరు, చదువుతూ చదువుతూ అది కనబడగానే ‘అదోనాయ్’, నా ప్రభూ, అని దాటేస్తారు. ఇంట్లో మొగుణ్ణి పేరు పెట్టి పిలవని మా అవ్వకి ఈ పద్ధతి బాగా నచ్చేది.

అల్లా కూడా పేరు కాదు, దేవుడు అన్న మాటే అంటారు ఎక్కువమంది పండితులు. అరబ్బీలో ‘అల్’ (ఇంగ్లీషు ‘ది’ లాంటిది), ‘ఇలాహ్’ (దేవుడు) కలిసిపోయాయట. అరబ్ క్రైస్తవుల బైబిల్లో ఉన్నదీ అదే. అంతెందుకు, సిలువ మీద యేసు కేక వేసిన మాట తెలుగు బైబిల్లో అలాగే ఉంచేశారు: “ఎలోయీ, ఎలోయీ”. అదీ ఈ కుటుంబంలోదే. ప్రతి గుడ్ ఫ్రైడేకి మైకులో వింటూనే ఉన్నాం.

జపం రెండో సగంలో ఆవిడ “ఆద్దీసా మరీయా, ఓమ్ అల్లా” అన్నారు. పరిశుద్ధ మరియా, దేవుని తల్లీ. నాకు మాత్రం అల్లా తల్లీ అనే వినిపించింది, గుండె ఝల్లుమంది. మా వీధిలో ఈ మాటంటే ఏమవుతుంది! అల్లాకు కన్నవాళ్లూ లేరు, కన్నబిడ్డలూ లేరన్నది ఇస్లాంలో మొదటి పాఠం. అదే మాట, ఇక్కడ తల్లితో సహా పూజలందుకుంటోంది. మళ్లీ నేనే అనుకున్నాను, మన క్యాథలిక్కులు అదే చోట “సర్వేశ్వరుని యొక్క మాతా” అంటారుగా. శివుడికి తల్లేమిటని ఏ శివభక్తుడూ వాళ్లతో పోట్లాడినట్టు నేను వినలేదు.

మోస్తా వచ్చింది. ఆవిడ మాకంటే ముందే దిగిపోయారు, పేరైనా అడగలేదు. చర్చి గోపురం నిజంగానే పెద్దది. 1942 ఏప్రిల్ 9న జర్మన్ల బాంబు దాన్ని చీల్చుకుని లోపల పడింది, పేలలేదు. లోపల సుమారు 300 మంది ఉన్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. ఆ బాంబుకు నమూనా చూపిస్తారు, దాని ముందు అందరూ ఫొటోలు. నేను ఓ పక్కన కూర్చున్నాను. మనసు అనంతపురం జిల్లాలోని గూగూడుకు పోయింది. మొహర్రం నాడు అవ్వ నా చెయ్యి పట్టుకుని కుళ్లాయిస్వామి పీర్ల ముందు నిలబెట్టి, “సామీ, పిల్ల పాసయ్యేటట్టు చూడు” అనేది. ఆ సామి హిందువా ముస్లిమా అని ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. పాసు మాత్రం అయ్యాను.

తిరుగు బస్సు కోసం మళ్లీ నిలబడ్డాం. మళ్లీ ఒకటి ఫుల్లుగా పోయింది. వీపున బ్యాగుతో ఓ కుర్రాడు వచ్చి, తర్వాతి బస్సు ఎప్పుడో తెలుసా అని నన్నడిగాడు.

“యెక్ అల్లా యిరీద్” అన్నాను.

అతను నన్ను ఎగాదిగా చూసి, నడక మొదలుపెట్టాడు.