కొత్త కార్డులోనూ పాత హెచ్చరికే

వరంగల్ ఏనుమాముల మార్కెట్ దగ్గర మా చిన్న మేనమామ లెక్కలు చూసే మిర్చి కోల్డ్ స్టోరేజీలో, గదుల ఉష్ణోగ్రతనూ తేమనూ నమోదు చేయడానికి రెండేళ్ల క్రితం ఒక రాస్ప్‌బెర్రీ పై 3 అనే చిన్న కంప్యూటర్ బోర్డు పెట్టాను. అది మైక్రో ఎస్‌డీ కార్డు నుంచే బూట్ అవుతుంది. ఈ వేసవిలో దానికి మానిటర్ తగిలించినప్పుడు, వాల్యూమ్‌ను (కార్డులోని డేటా భాగాన్ని) సరిగా అన్‌మౌంట్ చేయలేదనీ, అంటే వాడకం ముగించి విడదీయలేదనీ, కొంత డేటా చెడిపోయి ఉండవచ్చనీ, ఎఫ్‌ఎస్‌సీకే అనే తనిఖీ ప్రోగ్రామ్ నడపమనీ ఒక హెచ్చరిక కనిపించింది. పద్ధతి ప్రకారం షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేసినా అదే వరుస.

"కార్డు ఖరాబైనట్టుంది అల్లుడూ, కొత్తది వెయ్యి" అన్నారు మామ. నేనూ అదే నమ్మి, హనుమకొండలో కొత్త కార్డు కొని, పాతదాన్ని ఉన్నదున్నట్టుగా అందులోకి ఇమేజ్ (అచ్చు నకలు) తీసి ఎక్కించాను. కొత్త కార్డూ అదే హెచ్చరిక చూపింది! అప్పటికి గానీ నాకు బుద్ధి రాలేదు.

కార్డులో బోర్డు మొదలవడానికి కావలసిన ఫైళ్లుండే భాగం, అంటే బూట్ పార్టిషన్, ఫాట్-32 అనే ఫైల్ వ్యవస్థ రకానిది. దాన్ని రాయడానికి వీలుగా మౌంట్ చేసినప్పుడు (వాడకానికి జోడించినప్పుడు) బోర్డును నడిపే లైనక్స్‌కు మూలభాగమైన కెర్నల్, ఆ పార్టిషన్ మొదట్లో ఉండే బూట్ సెక్టార్‌లో డర్టీ బిట్ అనే గుర్తు పెడుతుంది, అన్‌మౌంట్ చేసేటప్పుడు తీసేస్తుంది. మధ్యలో కరెంటు పోతే, ఒక్క అక్షరమూ రాయకపోయినా, ఆ గుర్తు అలాగే మిగిలిపోతుంది. మౌంట్ చేసే వేళకే గుర్తు ఉంటే మాత్రం, లోపల ఏమి చెడిందో తనకు తెలియదు గనుక, కెర్నల్ హెచ్చరించి ఊరుకుంటుందే తప్ప తర్వాత ఎంత పద్ధతిగా ఆపినా దాన్ని చెరపదు. నేను తీసిన ఇమేజ్‌లో ఆ బిట్ కూడా భద్రంగా కొత్త కార్డుకు చేరింది.

ఆ పార్టిషన్‌ను అన్‌మౌంట్ చేసి, ఫాట్ కోసం ఉన్న ఎఫ్‌ఎస్‌సీకేను దానంతట అదే సరిచేసే ఆప్షన్‌తో నడిపితే క్షణాల్లో గుర్తు పోయింది. బూట్ సమయంలోనే ఈ తనిఖీ జరగాల్సింది. ఏ పార్టిషన్‌ను ఎలా మౌంట్ చేయాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో ఆ పార్టిషన్ వరుసను నేను చేత్తో రాసినప్పుడు చివరి గడిలో 2 బదులు, తనిఖీ వద్దని చెప్పే 0 వేయడంతో అది జరగలేదు.

మిగతా సిస్టమ్ ఉండే రెండో పార్టిషన్ (రూట్) ఈఎక్స్‌టీ4 రకానిది. కరెంటు పోయి వచ్చాక జర్నల్‌ను (మార్పుల చిట్టాను) పునరుద్ధరిస్తున్నట్టు అది చెప్పడం మామూలే. లోపాలతో మౌంట్ చేస్తున్నానని అంటే మాత్రం కార్డు తీసి మరో లైనక్స్ కంప్యూటర్‌లో ఈ రకానికి తనిఖీ ప్రోగ్రామైన ఈ2ఎఫ్‌ఎస్‌సీకే నడపాలి, ఎందుకంటే వాడుకలో ఉన్న రూట్‌ను సరిచేయబోతే ఇంకా చెడుతుంది. కార్డునే అనుమానించాల్సింది కార్డుతో మాట్లాడే ఎంఎంసీ డ్రైవర్ పేరుతో -110, -84 వంటి ఎర్రర్లు, చదవలేకపోతున్నానన్న ఐ/ఓ ఎర్రర్లు పదేపదే వచ్చినప్పుడు. అప్పుడైనా ముందు కార్డును ఒకసారి తీసి పెట్టి చూడటం మంచిది.

అసలు కారణం జనరేటర్. గాలిదుమారానికి లైన్ పోయినప్పుడు జనరేటర్ అందుకునేలోపు గడిచే కొద్ది సెకన్లు ఆ పెద్ద గదుల చల్లదనానికి లెక్కలోకి రావు గానీ, బోర్డు మాత్రం ప్రతిసారీ ఉన్నపళంగా ఆరిపోతుంది. ఇప్పుడు దానికి 5 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి పెట్టి, బూట్ పార్టిషన్‌ను చదవడానికి మాత్రమే మౌంట్ అయ్యేలా మార్చాను. అప్‌డేట్ చేసే రోజున దాన్ని తాత్కాలికంగా రాయదగినదిగా చేసుకోవాలి. పాత కార్డే మళ్లీ బోర్డులోకి వెళ్లింది. కొత్తది మామ ఫోన్‌లో ఉంది.