రేకు మీద మిగిల్చిన సిరా

ప్రింట్‌మేకింగ్ గదిలో లిన్‌సీడ్ నూనె, యాసిడ్, తడి కాగితం కలగలిసిన వాసన ఎక్కడ తగిలినా నాకు వెనిస్ నగరమే గుర్తుకు వస్తుంది. మూడో సంవత్సరంలో మా మాస్టారు, 19వ శతాబ్దపు అమెరికన్ చిత్రకారుడు విస్లర్ వెనిస్‌లో చేసిన ‘నాక్టర్న్’ (రాత్రి దృశ్యం) అనే ఎచింగు నకలును బల్ల మీద పరచి, అందులోని గీతలు లెక్కపెట్టమన్నారు. ఎచింగంటే లోహపు రేకు మీద గీసిన గీతలను యాసిడ్‌తో తొలిపించి, వాటిలో సిరా నింపి కాగితం మీద తీసే అచ్చు. లెక్కకు పెద్దగా ఏమీ దొరకలేదు. నీటి మీద తెరచాప కొయ్యలెత్తిన ఓడ, దూరాన సన్నగా ఊరి ఛాయ. మిగిలిన సాయంకాలమంతా సిరా పొరే.

తన చిత్రాన్ని దుయ్యబట్టిన కళావిమర్శకుడు రస్కిన్ మీద వేసిన పరువునష్టం దావాలో 1878లో గెలిచినా, పరిహారంగా ఒక్క ఫార్దింగే (పావు పెన్నీ) దక్కి, మరుసటి ఏడాది దివాలా తీసిన విస్లర్, లండన్‌లోని ఫైన్ ఆర్ట్ సొసైటీ 12 ఎచింగులు కోరగా 1879 సెప్టెంబరులో వెనిస్ చేరాడు. మూడు నెలల పనికని వెళ్లినవాడు 14 నెలలు ఉండి, సుమారు 50 ప్లేట్లు, అంటే ఎచింగు రేకులు, చేశాడు. యాత్రికులు వెతికే కట్టడాలకన్నా పక్క కాలువలూ, నీళ్లలోకి దిగే గుమ్మాలూ ఆయనను ఎక్కువగా నిలిపాయి. ‘ద డోర్‌వే’లో నీటి అంచున ఒక అమ్మాయి వంగి ఉంటుంది, ఆమె వెనుక చీకట్లో, పైకప్పు నుంచి వేలాడే కుర్చీలు కనబడీ కనబడకుండా ఉంటాయి. ఎదుట ఉన్నదాన్ని చూస్తూ నేరుగా రేకు మీద గీయడం వల్ల ప్రింటులో ఊరి కుడి ఎడమలు తారుమారయ్యాయి. ఆయన దానిని సరిదిద్దబోలేదు. నా దృష్టిలో అదే సబబు, ఎందుకంటే ఆయన పట్టుకోదలచినది ఊరి పటం కాదు, ఆ వేళ.

మామూలుగా సిరా పూసిన రేకును గంజి పెట్టిన పలుచని గుడ్డతోనూ, ఆపైన అరచేతితోనూ తుడిచి, గీతల్లో మాత్రమే సిరా నిలిచేలా చేస్తాం. విస్లర్ రేకు పైభాగాన కూడా కొంత సిరాను ఉంచి, గుడ్డనే కుంచెలా వాడాడు. అందువల్ల ఒకే ప్లేటు ఒక ప్రతిలో మునిమాపుగానూ, మరో ప్రతిలో నడిరేయిగానూ కనిపిస్తుంది. తరువాతి కాలంలో రెండు మ్యూజియంలలో అటువంటి రెండు ప్రతులను చూసినప్పుడు, అవి ఒకే రేకు నుంచి వచ్చాయని నమ్మడానికి నాకు కొంతసేపు పట్టింది.

ఆ నకలు చూసిన వారంలోనే నేను బెజవాడ ఏలూరు కాలువను చెక్కి, నాలుగు ప్రతులు తీశాను. రేకును అద్దంలా తుడిచేయడంతో నాలుగింటిలోనూ నీళ్లు తెల్లకాగితంలా వెలవెలబోయాయి. అయిదోసారి మాస్టారు నా చేతిలోని గుడ్డ తీసుకుని, వంతెన కింద అరచేతిని ఒక్కసారి తేలిగ్గా జరిపి, “ఇక తుడవకు నాయనా, చీకటి పడనీ,” అన్నారు. ఆ ప్రతి ఇప్పటికీ నా దగ్గర ఉంది. వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే, నీటి మీద ఆయన చెయ్యి కదిలిన జాడ కనిపిస్తుంది.