మే నెలలో పది సెషన్లు: నా అనుభవం

మాది సూర్యాపేట. మా ఊరికి రైలు లేదు. హైదరాబాద్ వెళ్లాలంటే 65వ నంబర్ జాతీయ రహదారి మీద 130 కిలోమీటర్లకు పైగా ప్రయాణం. మా బావ చనిపోయింది ఆ రోడ్డు మీదే, నార్కట్‌పల్లి దాటాక, సద్దుల బతుకమ్మ ముందు రోజు సాయంత్రం. అక్క అప్పటికే పండక్కి మా ఇంటికి వచ్చేసింది. ట్రైనింగ్ కోసం హైదరాబాద్ వెళ్లిన నేను బావ కారులో తిరిగొస్తున్నాను. దారిలో తంగేడు పూలు కనబడితే ఆపమన్నాను. పది నిమిషాలు కోసుకుని డిక్కీలో వేసుకున్నాం. మళ్లీ బయల్దేరాక, మసక చీకట్లో, లైట్లు లేకుండా రోడ్డు అంచున ఆగి ఉన్న లారీ. నాకు చెయ్యి విరిగింది. బావ ఆసుపత్రి దాకా రాలేదు.

తర్వాత రెండేళ్లు నేను బతికిన తీరు బయటివాళ్లకు మామూలుగానే కనిపించి ఉంటుంది. బడికి వెళ్లాను, పాఠాలు చెప్పాను. కానీ పిల్లలు బెంచీ గట్టిగా జరిపితే గుండె జారిపోయేది. కారులో ముందు సీటులో కూర్చోలేదు. బతుకమ్మ తొమ్మిది రోజులూ తలుపు వేసుకుని ఇంట్లోనే ఉన్నాను. "నేను ఆపమనకపోతే ఆ పది నిమిషాలు కలిసొచ్చేవి" అన్న మాట మాత్రం రోజూ నాతోనే ఉండేది. ఎవరికీ చెప్పలేదు.

మా ఊరి డాక్టరు గారు ఇది పీటీఎస్‌డీ, అంటే ఘోరమైన సంఘటన తర్వాత మనసును వదలకుండా పట్టి ఉండే జబ్బు అని చెప్పి, మందులు రాసి, హైదరాబాద్‌లో ఒక క్లినికల్ సైకాలజిస్ట్ మేడమ్ దగ్గరికి పంపారు. ఆదివారం ఆదివారం సెషన్. నాలుగు నెలల్లో పదహారు జరగాల్సింది, వెళ్లింది ఏడు సెషన్లకే. ప్రతిసారీ ఆ రోడ్డు మీదుగానే వెళ్లాలి. చేరేసరికే ఒళ్లంతా బిగుసుకుపోయేది. యాభై నిమిషాల సెషన్‌లో కుదుటపడటానికి పదిహేను నిమిషాలు, చివర సర్దుకుని బయటికి రావడానికి పది. అసలు విషయం దగ్గరికి వచ్చేసరికి టైమ్ అయిపోయేది. మళ్లీ వారం వరకు ఆ తలుపు మూసేసేదాన్ని. మూసి ఉంచడం నాకు బాగా అలవాటు కదా. తర్వాతి ఆదివారం మళ్లీ మొదటికి. ఏదో సాకుతో మానేసిన రోజు ఎంత హాయిగా ఉండేదో! ఆ హాయే జబ్బును పెంచుతోందని అప్పుడు తెలియదు.

వేసవి సెలవుల్లో రెండు వారాలు వరుసగా చేద్దామని మేడమే అన్నారు. పద్ధతి పేరు ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్, అంటే తప్పించుకుంటున్న జ్ఞాపకాన్ని, చోట్లను పదేపదే ఎదుర్కోవడం. ఎడ్నా ఫోవా అనే శాస్త్రవేత్త అమెరికాలో రూపొందించారు. మామూలుగా వారానికి ఒకటో రెండో సెషన్లు. అక్కడి సైనికుల మీద చేసి 2018లో ప్రచురించిన పరిశోధనలో, పది సెషన్లను రెండు వారాల్లో ముగించినా, ఎనిమిది వారాల్లో చేసినదానికి ఫలితం తీసిపోలేదట. "తొందరగా అయిపోతుందని కాదు, మధ్యలో పారిపోవడానికి మీకు వారం దొరకదు" అన్నారు మేడమ్. నన్ను ఒప్పించింది ఆ మాటే.

వెంటనే మొదలుపెట్టలేదు. చచ్చిపోవాలని ఆలోచనలు వస్తున్నాయా, సాయంత్రాలు పక్కన ఎవరుంటారు, ఏ మందులు వాడుతున్నాను, అన్నీ అడిగారు. మా డాక్టరు గారితో మాట్లాడారు. ఇరవై ప్రశ్నల కాగితం ఇచ్చారు. దానికి 80 మార్కులు, 31-33 దాటితే పీటీఎస్‌డీ ఉండొచ్చని లెక్క. నాకు 58. ఫీజు ఒకేసారి కట్టడం బరువే. చీటీ ఎత్తి కట్టాను. దిల్‌సుఖ్‌నగర్‌లో అక్క వాళ్లింట్లో దిగాను.

రోజుకు గంటన్నర. కళ్లు మూసుకుని, ఆ సాయంత్రాన్ని ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పాలి: "బావ బండి స్లో చేస్తున్నాడు, నేను దిగుతున్నాను, తంగేడు కొమ్మ వంచుతున్నాను..." అయ్యాక మళ్లీ మొదటి నుంచి. మధ్యమధ్యలో భయం సున్నా నుంచి వందలో ఎంత అని అడిగేవారు. మొదటి మూడు రోజులు 90కి తగ్గలేదు. చెప్పిందంతా రికార్డు చేసి ఇస్తారు, రాత్రి ఇంట్లో వినాలి. మూడో రాత్రి వాంతి అయింది. మానేస్తానని బట్టలు కూడా సర్దాను. మేడమ్ ముందే ఇచ్చి ఉంచిన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416కి ఫోన్ చేశాను. ఎవరో అమ్మాయి తెలుగులోనే అరగంట మాట్లాడింది. పొద్దున మళ్లీ వెళ్లాను. అదే వారానికోసారి పద్ధతి అయితే ఇంక వెళ్లేదాన్ని కాదు.

ఐదో రోజు, ఎన్నోసారో లెక్క లేదు, లారీ దగ్గరికి వచ్చి ఆగిపోయాను. దాని టైర్ కింద రాయి పెట్టి ఉంది. వెనక విరిగిన కొమ్మలు అడ్డంగా వేసి ఉన్నాయి. చెడిపోయి చాలాసేపటి నుంచి అక్కడే ఉన్న బండి అది. పది నిమిషాలు ముందొచ్చినా అక్కడే ఉండేది. రెండేళ్లుగా ఆ రాయి నా కళ్లలోనే ఉంది, నేను చూడలేదు. అయినా వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది: ముందొస్తే ఇంకా కాస్త వెలుతురు ఉండేదేమో. మేడమ్ కాదనలేదు. "ఉండొచ్చు. పూలు కోయడం నేరమా?" అన్నారు. చాలాసేపు ఏడ్చాను.

ఏడో రోజు ఇద్దరం ఎల్‌బీనగర్‌లో బస్సెక్కి చౌటుప్పల్ దాకా వెళ్లొచ్చాం, ముందు వరుస సీటులో. వెళ్లేటప్పుడు 85, వచ్చేటప్పుడు 40. గది బయట ఇలాంటి పని వారానికో యాభై నిమిషాల్లో ఎక్కడ కుదురుతుంది?

అంతా అయ్యాక ఆ ఇరవై ప్రశ్నల కాగితంలో నా మార్కు 24. ఇంటికి తిరిగొచ్చిన మూడో వారం రెండు రాత్రులు మళ్లీ పీడకలలు వచ్చాయి. ఫోన్‌లో ఒక సెషన్ చేశాం. హారన్ వింటే ఇప్పటికీ ఉలిక్కిపడతాను. కానీ ఊరికి ఒక్కదాన్నే బస్సులో వస్తున్నాను.

తొమ్మిదో రాత్రి సంగతి ఇంకా చెప్పలేదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటుంటే అక్క వచ్చి పక్కన కూర్చుంది. "రోజూ ఏం వింటున్నవే?" అంది. చెప్పాను. కాసేపటికి, "ఆఖరికి ఆయన ఏమన్నడు?" అని అడిగింది. రెండేళ్లలో అక్క అడగలేదు, నేను చెప్పలేదు. బావ ఆఖరి మాట నాకు ఇప్పుడు స్పష్టంగా తెలుసు. "గునుగు దొరకలే, మీ అక్క ఊకోదు" అని నవ్వాడు.

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పూలు తెమ్మని పొద్దుగాల ఫోన్ చేసింది నేనే గదనే" అంది.

మర్నాడు పదో సెషన్‌కు అక్క కూడా వచ్చింది. లోపలికి రానంది. గంటన్నర బయట కుర్చీలో కూర్చుంది.